జింజు నది ఒడ్డున

పిల్లలూ! మీ ఇంట్లో ఇత్తడి బిందె గాని, చెంబు గాని ఉన్నదా? ఇత్తడి ఎట్లా తయారవుతుందో తెలుసునా? రాగినీ, తుత్తునాగాన్నీ కలిపి కరగిస్తే ఇత్తడి వస్తుంది. తుత్తునాగాన్నే జింకు అని కూడా అంటారు. నీళ్ల బక్కెట్లకూ, ఇంటి కప్పు మీది ఇనుప రేకులకూ తుప్పు పట్టకుండా పూత పూసేది కూడా ఈ జింకునే.

ఇన్ని విధాల ఉపయోగపడే ఈ లోహానికి భూమిలో ఒక చెడ్డ స్నేహితుడున్నాడు. జింకు ఖనిజం ఎక్కడ దొరికినా సాధారణంగా వాడు కూడా కొద్దిగా కలిసే ఉంటాడు. వాడి పేరు కాడ్మియం. 1817లో జర్మనీలో స్ట్రోమేయర్ అనే శాస్త్రజ్ఞుడు పట్టుకునేదాకా అటువంటివాడు ఒకడున్నట్టే ఎవరికీ తెలియదు. మీ బిందెను చూసి భయపడకండి. మనం చెప్పుకోబోయే కథ బిందెలో జరగలేదు. గనిలో మొదలై, నదిలో ప్రయాణం చేసి, వరి మడిలో దాక్కుని, చివరకు అన్నం గిన్నెలోకి వచ్చింది. ఆ కథ జరిగిన చోటు చూడాలంటే మనం జపాన్ వెళ్లాలి. రండి, పోయి వద్దాం!

జపాన్ రాజధాని టోక్యోలో షింకాన్‌సెన్ అనే వేగమైన రైలు ఎక్కితే రెండు గంటల పైచిలుకులో తొయామా పట్టణం చేరుకుంటాం. రైలు దిగి ఒకవైపు చూస్తే సముద్రం, మరొకవైపు చూస్తే మంచు కప్పుకున్న తతెయామా పర్వతాలు. ఆ పర్వతాలలో ఎత్తయిన శిఖరం 3,015 మీటర్లు ఉంటుంది. వసంతకాలంలో ఇక్కడి సముద్రంలో మిణుగురు పురుగుల్లాగా నీలంగా మెరిసే చిన్న చిన్న జలచరాలు ఒడ్డు దగ్గరకు వస్తాయి. వాటిని చూడడానికి జనం అర్ధరాత్రి పూట పడవలెక్కి పోతారు.

తొయామాకు మరొక పేరున్నది: మందుల ఊరు. మూడు వందల ఏళ్లకు పైగా ఈ ఊరి వర్తకులు మందుల మూటలు వీపున కట్టుకుని దేశమంతా తిరిగారు. వాళ్ల వ్యాపారం విచిత్రమైనది. ప్రతి ఇంట్లోనూ ఒక మందుల పెట్టె ఉంచి, డబ్బు అడగకుండా వెళ్లిపోయేవారు. మరుసటి ఏడు వచ్చి పెట్టె తెరిచి చూసి, వాడిన మందులకు మాత్రమే డబ్బు పుచ్చుకునేవారు. ఇట్లా దేశానికంతటికీ మందులు పంచిన ఊరి పక్కనే, ఏ మందుకూ లొంగని జబ్బు ఒకటి పుట్టిందంటే ఆశ్చర్యం కాదా?

ఈ పట్టణం మధ్యనుంచే జింజు నది పారుతున్నది. దక్షిణాన కొండల్లో పుట్టి, 120 కిలోమీటర్లు ప్రయాణం చేసి, తొయామా అఖాతంలో కలుస్తుంది. ఊరి విమానాశ్రయం కూడా ఈ నది ఒడ్డునే, వరద నీరు పారే పల్లంలో కట్టారు! నది దిగువ ప్రాంతమంతా వరి మళ్లే. కాలువలు, పిల్లకాలువలు, తూములు, గట్లు చూస్తే మన గోదావరి డెల్టాలో ఉన్నామా అనిపిస్తుంది. అక్కడా పిల్లలకు అమ్మ పెట్టేది అన్నమే. పంటలకు వాడేది జింజు నీళ్లే. ఒకప్పుడు తాగడానికి కూడా ఆ నీళ్లే.

ఇప్పుడు మనం నది వెంట కొద్దిగా ఎగువకు పోదాం. ఈ పల్లెప్రాంతం పేరు ఫుచూ. 2005లో దీన్ని తొయామా పట్టణంలో కలిపివేశారు. సుమారు వంద ఏళ్ల క్రితం నుంచీ ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఒక వింత జబ్బు కనిపించసాగింది. జబ్బు పడేవాళ్లలో చాలామంది నడివయస్సు దాటిన స్త్రీలు. ముఖ్యంగా ఎక్కువమంది పిల్లల్ని కన్న తల్లులు.

మొదట నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి. పొలం పనులు చేసేవారికి ఇటువంటి నొప్పులు మామూలే గదా అని ఎవరూ పట్టించుకునేవారు కారు. కొన్నేళ్లకు ఆ మనిషి బాతులాగా అటూ ఇటూ ఊగుతూ నడిచేది. ఆ తరవాత ఒకనాడు కాలు మడత పడితే చాలు, ఎముక విరిగేది. ఇక మంచమే గతి. దగ్గితే పక్కటెముక విరిగేది. ఒక రోగి ఒంట్లో 72 చోట్ల ఎముకలు విరిగి ఉన్నాయి. ఎముకలు మెత్తబడి, వంగి, ముడుచుకుపోవడంచేత కొందరు 30 సెంటీమీటర్ల దాకా పొట్టి అయిపోయారు. కాని మనస్సూ, బుద్ధీ మాత్రం చెక్కు చెదరలేదు. అందుచేత బాధ అంతా తెలుస్తూనే ఉండేది. పగలూ రాత్రీ వాళ్ల నోటి వెంట ఒకటే మాట: "ఇతాయ్! ఇతాయ్!"

జపాన్ భాషలో "ఇతాయ్" అంటే "నొప్పి" అని. మనం "అమ్మో! అబ్బో!" అన్నట్టే. ఆ మూలుగే జబ్బుకు పేరయింది. 1955లో పత్రికలు "ఇతాయ్ ఇతాయ్ జబ్బు" అని వార్త వేసేసరికి దేశమంతటికీ ఆ పేరు తెలిసింది.

అంతకు ముందు ఊళ్లో వాళ్లు ఏమనుకునేవారో తెలుసునా? "ఇది పూర్వజన్మలో చేసిన పాపం" అనుకునేవారు. ఇంట్లో రోగి ఉన్నదని తెలిస్తే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఊరి బియ్యం ఎవరూ కొనరు. అందుచేత రోగుల్ని వెనక గదుల్లో దాచి ఉంచేవారు. పాపం, జబ్బు ఒక బాధ, సిగ్గు మరొక బాధ.

ఫుచూలో హగినో అనే డాక్టర్ల కుటుంబానికి వంశపారంపర్యంగా ఒక ఆసుపత్రి ఉండేది. ఆ కుటుంబంలోని హగినో నొబోరు యుద్ధానికి వెళ్లి, 1946లో ఇంటికి తిరిగి వచ్చి, ఆసుపత్రి నడపసాగాడు. తిరిగి వచ్చిన కొద్ది రోజులకే ఇటువంటి రోగులు ఒకరి వెంట ఒకరు ఆయన దగ్గరకు వచ్చారు. పుస్తకాలలో ఎక్కడా ఈ జబ్బు లేదు. చాకిరీ ఎక్కువై, తిండి చాలక వచ్చిందేమోనని మొదట్లో ఆయన కూడా అనుకున్నాడు. కాని, చాకిరీ చేసేవాళ్లూ, తిండి చాలనివాళ్లూ అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. మరి జబ్బు ఈ ఊళ్లలోనే ఎందుకు రావాలి?

అప్పుడు ఆయన చేసిన పని చాలా చిన్నది. ఆ ప్రాంతం పటం ఒకటి తీసుకుని, రోగి ఉన్న ప్రతి ఇంటి దగ్గరా ఒక చుక్క పెట్టాడు. చుక్కలన్నీ పెట్టి చూసేసరికి కథ అంతా పటం మీదనే కనిపించింది! జింజు నదికి రెండు పక్కలా కుమానో, ఇదా అనే చిన్న నదులున్నాయి. ఆ నదుల నీళ్లతో పండే ఊళ్లలో ఒక్క చుక్కా లేదు. చుక్కలన్నీ జింజు కాలువల కిందనే ఉన్నాయి. అంటే దోషం మనుషుల్లో లేదు, వాళ్ల పాపపుణ్యాలలోనూ లేదు. నీళ్లలో ఉన్నది!

నీళ్లలోకి ఎట్లా వచ్చింది? ఎగువన, కొండల నడుమ, కమియొకా అనే గని ఉన్నది. 19వ శతాబ్దం చివరనుంచీ ఆ గనిని మిట్సుయి కంపెనీ నడిపింది. మొదట వెండి, సీసం వంటివి తీసేవారు. ఇరవయ్యో శతాబ్దంలో జింకు తీయడం బాగా పెరిగింది. యుద్ధాలు వచ్చినప్పుడల్లా లోహాల గిరాకీ పెరిగి, గనిలో పని మరింత జోరుగా సాగేది. రాతిని పిండిలాగా దంచి, అందులోంచి జింకు తీసుకుని, మిగిలిన బూడిదరంగు బురద నీళ్లను నదిలోకి వదిలేవారు. కాడ్మియం ఆ నీళ్లలో ఉండేది.

నది ఆ బురదను మోసుకుని వచ్చి కాలువలకు అప్పగించేది. కాలువలు మళ్లకు అప్పగించేవి. మడిలోకి నీరు వచ్చే చోట పైరు ఎదగక గిడసబారిపోతున్నదని రైతులు ఏనాటినుంచో గోల పెడుతూనే ఉన్నారు. మడి మొదట్లోనే చిన్న గుంట తవ్వి, బురద అందులో పేరుకునేటట్టు చేసుకున్నవారు కూడా ఉన్నారు. రైతు కంటికి పైరు జబ్బు ముందే కనిపించింది. మనిషి జబ్బు మాత్రం ఆలస్యంగా బయటపడింది.

ఇక్కడ ఒక చిత్రం వినండి. వరి వేళ్లకు మాంగనీసు అనే మూలకం కొద్దిగా కావాలి. దాన్ని లోపలికి తీసుకోవడానికి వేళ్లలో ఒక దారి ఉన్నది. కాడ్మియం కూడా ఆ దారినే లోపలికి చొరబడుతుంది. వేరుకు ఇద్దరికీ తేడా తెలియదు! మడిలో నీరు నిలవ ఉన్నంతకాలం మట్టికి గాలి తగలదు. అప్పుడు కాడ్మియం గంధకంతో జతకట్టి కదలకుండా పడి ఉంటుంది. కోతలకు ముందు నీరు తీసి మడిని ఆరబెడతారు గదా! అప్పుడు మట్టికి గాలి తగిలి జత విడిపోతుంది. కాడ్మియం కరిగి వేళ్లకు అందుతుంది. సరిగ్గా గింజ పాలుపోసుకుని గట్టిపడే సమయానికి ఇది జరుగుతుందన్నమాట. ఈ రహస్యం తెలిసిన తరవాత జపాన్‌లో కాడ్మియం ఉన్న నేలల్లో వరి ఈనడానికి మూడు వారాల ముందునుంచీ, ఈనిన తరవాత మూడు వారాల దాకా మడిలో నీరు నిలిపి ఉంచడం అలవాటు చేసుకున్నారు.

మరి, అన్నంతోపాటు లోపలికి పోయిన కాడ్మియం ఏం చేస్తుంది? మన మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టేటప్పుడు మంచీ చెడ్డా రెండూ కిందికి దిగుతాయి. అప్పుడు లోపలి సన్నని గొట్టాలు, అమ్మ చేటలో బియ్యం ఏరినట్టు, మంచివాటిని ఏరి తిరిగి రక్తంలోకి పంపుతాయి. కాడ్మియం వచ్చి చేరేది ఆ గొట్టాలలోనే. అవి పాడైతే ఏరేవాళ్లు ఉండరు. ఎముకలకు గట్టిదనం ఇచ్చే భాస్వరం, కాల్షియం వంటివి మూత్రంలో పోతాయి. కొన్నేళ్లకు ఎముక మెత్తబడుతుంది. పిల్లల్ని కని పాలిచ్చిన తల్లుల ఎముకల్లోంచి అదివరకే కొంత కాల్షియం ఖర్చయి ఉంటుంది. అందుచేతనే జబ్బు వాళ్లను ముందు పట్టుకున్నది. ఒకసారి ఒంట్లో చేరిన కాడ్మియంలో సగం బయటికి పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది.

హగినో డాక్టరు 1957లో "ఈ జబ్బుకు కారణం గని నుంచి వచ్చే విషమే" అని చెప్పాడు. చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. పల్లెటూరి డాక్టరుకు ఏం తెలుసునన్నారు. ఆయన ఊరుకోలేదు. వ్యవసాయ శాస్త్రం తెలిసిన యోషియొకా కిన్‌ఇచీ, నీటి పరీక్షలలో ఆరితేరిన కొబయాషి జున్ ఆయనకు తోడయ్యారు. నదినీటినీ, మట్టినీ, రోగుల ఎముకలనూ పరీక్షిస్తే అన్నిటిలోనూ కాడ్మియం దొరికింది. 1961లో ఈ సంగతి డాక్టర్ల సభలో చెప్పారు. 1968 మే 8వ తేదీన జపాన్ ప్రభుత్వం దీనిని ఒప్పుకున్నది. కాలుష్యం వల్ల వచ్చిన జబ్బు అని ఆ దేశ ప్రభుత్వం ఒప్పుకున్న మొట్టమొదటి జబ్బు ఇదే.

అదే ఏడు మార్చిలో ఊరివాళ్లు కంపెనీ మీద దావా వేశారు. కొమత్సు యోషిహిసా వాళ్లకు నాయకుడు. అంత పెద్ద కంపెనీతో తలపడడం సామాన్యమైన పని కాదు. ఓడిపోతే ఊళ్లో తల ఎత్తుకోలేరు. "కాడ్మియం ఎముకల్ని ఎట్లా మెత్తబరుస్తుందో అణువణువూ రుజువు చెయ్యండి" అన్న ధోరణిలో వాదించింది కంపెనీ. కాని కోర్టు ఏమన్నదంటే, ఒంట్లో జరిగేదంతా విడమర్చి చెప్పనక్కరలేదు, జబ్బు ఎక్కడ ఉన్నదో, ఎవరికి వచ్చిందో, ఎక్కడ రాలేదో లెక్కలు స్పష్టంగా చూపుతున్నాయి, అవే చాలునన్నది. 1971లో తొయామా కోర్టులోనూ, 1972 ఆగస్టులో పై కోర్టులోనూ ఊరివాళ్లే గెలిచారు. ఆనాడు డాక్టరు పెట్టిన చుక్కలు వృథా పోలేదన్నమాట.

గెలిచిన మరునాడు వాళ్లు కంపెనీ చేత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. రోగులకు నష్టపరిహారం ఇవ్వాలి. పాడైన నేలను బాగుచెయ్యాలి. మూడో ఒప్పందం అన్నిటికంటె గొప్పది: ఊరివాళ్లు తమకు అవసరమనిపించినప్పుడు నిపుణుల్ని వెంటబెట్టుకుని గనిలోకి వెళ్లి తనిఖీ చెయ్యవచ్చు. ఖర్చు కంపెనీదే!

ఇక నేల సంగతి. నీళ్లలో విషం వదలడం ఆపితే నది కొంతకాలానికి తేరుకుంటుంది. మట్టి అట్లా కాదు. పట్టుకున్నదాన్ని విడవదు. అందుచేత 1979లో మట్టి మార్చే పని మొదలుపెట్టారు. పై మట్టిని తవ్వి లోతుగా పాతిపెట్టి, దాని మీద కొండల నుంచి తెచ్చిన మంచి మట్టి పరిచారు. ఒక మడి తరవాత ఒక మడి, ఒక ఊరి తరవాత ఒక ఊరు. పని పూర్తి అయ్యేసరికి 2012వ సంవత్సరం వచ్చింది! 863 హెక్టార్లు, అంటే రెండు వేల ఎకరాలకు పైగా నేల. దాదాపు 4,000 కోట్ల జపాన్ యెన్‌లు ఖర్చయింది. పని మొదలైననాడు పుట్టిన పిల్లవాడు పని ముగిసేసరికి 33 ఏళ్లవాడయ్యాడు.

జబ్బు ఉన్నదని ప్రభుత్వం గుర్తించినవారు దాదాపు 200 మంది. లెక్క మొదలు కాకముందే, వెనక గదుల్లో "ఇతాయ్" అంటూనే కన్నుమూసినవారు ఆ లెక్కలో లేరు. 2012లోనే తొయామాలో వాళ్ల కథ చెప్పే ఒక ప్రదర్శనశాల తెరిచారు. అక్కడ ఆనాటి ఇల్లూ, మంచం పట్టిన తల్లీ, చుట్టూ బిక్కమొగం వేసుకున్న కుటుంబం బొమ్మలుగా కనిపిస్తాయి. రోగుల బంధువులు స్వయంగా వచ్చి తమ ఇంటి కథ చెబుతారు. ఒకప్పుడు సిగ్గుపడి దాచిన సంగతే ఇప్పుడు అందరికీ చెబుతున్నారన్నమాట.

ఇంత దూరం వచ్చాం గనక గనిని కూడా చూసిపోదాం. నది వెంట పోయే చిన్న రైలెక్కితే కొండలు దగ్గరవుతాయి, లోయ ఇరుకవుతుంది. ఇనోతాని స్టేషనులో దిగి, కొండదారిన కమియొకా చేరుకోవాలి. 2001లోనే ఇక్కడ ఖనిజం తవ్వడం ఆపివేశారు. కాని, పాత సొరంగాలలోకీ, దంచిన రాతిపిండి గుట్టల్లోకీ వాననీరు దిగుతూనే ఉంటుంది. ఆ నీటిని పట్టి, శుద్ధి చేసి నదిలోకి వదలాలి. గని మూతపడినా ఈ పనికి మాత్రం సెలవు లేదు! 1972నుంచీ ఊరివాళ్లు ప్రతి ఏడూ వచ్చి తనిఖీ చేస్తున్నారు. తాతల తరవాత కొడుకులు, కొడుకుల తరవాత మనుమలు. ఇప్పుడు జింజు నీటిలో కాడ్మియం, ప్రకృతిలో సహజంగా ఉండేటంతకే తగ్గిపోయింది.

అదే కొండలో, వెయ్యి మీటర్ల లోతున, మరొక వింత ఉన్నది. అక్కడ శాస్త్రజ్ఞులు ఒక పెద్ద తొట్టి కట్టి, అందులో 50,000 టన్నుల నీరు నింపారు. సూర్యుడినుంచీ, నక్షత్రాలనుంచీ వచ్చే న్యూట్రినోలనే అతి సూక్ష్మమైన కణాలను ఆ నీటిలో పట్టుకుంటారు. దాని పేరు సూపర్ కమియొకాండె. ఈ కొండలో జరిగిన పరిశోధనలకు 2002లో కొషిబా, 2015లో కజితా నోబెల్ బహుమతులు అందుకున్నారు. ఆ తొట్టిలో మొదట నింపిన నీరు ఎంత శుద్ధమైనదంటే, మనం తాగే నీరు దానిముందు మురికి నీరే! ఒకే కొండ ఒకనాడు నదికి విషాన్నిచ్చింది, ఈనాడు న్యూట్రినోలను పట్టే నీటిని తన కడుపులో దాచుకున్నది. కొండ మారలేదు. మారినది మనిషి బుద్ధి.

ఇక ఇంటికి వద్దాం. ఈ ప్రయాణంలో మనం గుర్తుంచుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

నీరు తేటగా కనిపిస్తే మంచినీరని అనుకోకండి. కరిగిన కాడ్మియానికి రంగు లేదు, వాసన లేదు. నీటిని కాచితే క్రిములు చస్తాయి. కాని లోహాలు చావవు. ఆవిరయ్యేది నీరే గనక, అవి మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడతాయి. ఫ్యాక్టరీ నీళ్లు నేల మీద పారబోస్తే, కొన్ని విషాలు మట్టినే అంటిపెట్టుకుని పైరులోకి పోతాయి. మరికొన్ని నీటితోపాటు కిందికి ఇంకి, భూమిలోని ఊటల వెంట బావుల్లోకి, బోర్లలోకి చేరుతాయి. "పారబోశాం, పోయింది" అనుకుంటాం. ఎక్కడికీ పోదు! అటువంటి అనుమానం ఉన్నచోట కళ్లనూ, నాలుకనూ నమ్ముకోక, నీటిని పరీక్షకు పంపించమని పెద్దవాళ్లు అడగాలి. ఇంట్లో పాడైపోయిన బ్యాటరీలను కూడా చెత్తలో కలిపి కాల్చకండి. కొన్ని రకాల బ్యాటరీలలో ఈ కాడ్మియమే ఉంటుంది.

ఈసారి సెలవు రోజున ఒక పని చెయ్యండి. మీ ఊరి పటం గీయండి. మీరు తాగే నీరు ఎక్కడినుంచి వస్తున్నదో, మీ అన్నం గింజ ఏ కాలువ కింద పండిందో అడిగి తెలుసుకుని గుర్తు పెట్టండి. ఆ నీటికి ఎగువన ఏమున్నదో కూడా చూసి రాయండి. హగినో డాక్టరు చేతిలో మొదట ఉన్నవి కూడా ఒక కాగితమూ, పెన్సిలూ, రోగులు చెప్పినది ఓపికగా వినే చెవులూ, అంతే.